మాస్టారి ఓపెనింగ్

తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తున్న రోజుల్లో నాకు చదరంగం పిచ్చి పట్టింది. రెండువేల ఆరో, ఏడో. క్లాసులయ్యాక అక్కడే కూర్చుని ఇంటర్నెట్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడేవాణ్ని. ఆట ముగియగానే పేరు పక్కన రేటింగ్ మారుతుంది. నాది దిగడమే గాని ఎక్కింది లేదు. ఓడినప్పుడల్లా తప్పు ఓపెనింగ్‌దే, అంటే మొదటి ఎత్తుల వరుసదేనని దాన్ని మార్చేసేవాణ్ని. ఒక వారం సిసీలియన్, ఇంకో వారం బంటును ఎరవేసే గాంబిట్. ఏదీ ఒంటబట్టలేదు.

నేను అద్దెకున్నది రైస్‌మిల్లుల వెనక వీధిలో, ఒక లెక్కల మాస్టారి ఇంట్లో. ఆయన పోయి కొన్నేళ్లయింది. ఆయన భార్యను పిన్నిగారూ అనేవాణ్ని. ముందుగదిలో కిటికీ పక్కన మాస్టారి చదరంగం బల్ల అలాగే ఉండేది. మిల్లు గొట్టాల నుంచి ఊకనుసి వచ్చి పావుల మీద పడితే, ఆవిడ పొద్దున్నే ఒక్కొక్కటీ తుడిచి మళ్లీ దాని గడిలోనే పెట్టేవారు.

ఒక ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చేసరికి నేను ఓపెనింగుల పుస్తకం తిరగేస్తున్నాను.

"రోజుకొకటి దేనికి బాబూ? కొత్తగా నేర్చుకునేవాళ్లకి మా మాస్టారు ఒక్కటే చెప్పేవారు."

"ఏదండీ అది?"

"పేరు తెలీదండీ. నాకు ఆటే రాదు. చూసి చూసి చేతికి వచ్చేసిందంతే."

నిలబడే చూపించారు. రాజు ముందు బంటు, గుర్రం, తర్వాత శకటు. ఇటాలియన్ ఓపెనింగ్. ఆ తర్వాత ఎడమవైపు గుర్రాన్ని తొందరేమీ లేకుండా చుట్టూ తిప్పి రాజు దగ్గరికి తెచ్చి చెయ్యి తీసేశారు.

"ఇక్కడిదాకానే చెప్పేవారు. మిగతాది ఎవరి బుర్రతో వాళ్లే ఆడుకోవాలనేవారు."

తెల్లపావులు వచ్చినప్పుడల్లా అదే ఆడాను. రేటింగ్ ఎక్కడం మొదలైంది. ఒకటే దారిలో వెళ్తే ఎక్కడ గుంతలున్నాయో తెలుస్తుంది, అందుకేననుకున్నాను. కానీ కొన్నాళ్లకి ఒక సంగతి గమనించాను. గుర్రం చుట్టి వచ్చాక నేను ఆలోచించడం లేదు. చెయ్యి ముందు వెళ్తోంది, ఎందుకు వెళ్లిందో నాకు తర్వాత అర్థమవుతోంది.

ఆ ధైర్యంతోనే ఏలూరులో ఒక టోర్నమెంటుకి వెళ్లాను. ఎదురుగా కొల్లేరు ఊళ్ల నుంచి వచ్చిన పెద్దాయన, చేపల చెరువులున్న మనిషి. సగం ఆటలో ఆయన బోర్డు చూడ్డం మానేసి నా చేతివంక చూస్తున్నారు.

"ఏవండీ, మీరు గూడెం మాస్టారి శిష్యులా?" అని మెల్లగా అడిగారు.

"లేదండీ. ఆయన్ని నేను చూడనే లేదు."

"మరి ఆ కొట్టడం?"

చూసుకున్నాను. చంపిన బంటును వేళ్ల మధ్య పట్టుకుని బల్ల అంచు మీద ఆగి ఆగి కొడుతున్నాను. నాకెప్పుడూ ఆ అలవాటు లేదు. బంటును కింద పెట్టేశాను. ఆట నేనే గెలిచాను. ఆయన చెయ్యి కలపకుండా నమస్కారం పెట్టి లేచి వెళ్లిపోయారు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మాస్టారి బల్ల దగ్గర కూర్చుని ఆ ఆటే మళ్లీ పేర్చుకుంటున్నాను. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. వీధిలో కూడా చప్పుడు లేదు. అప్పుడు వంటింట్లోంచి పిన్నిగారి గొంతు వినిపించింది.

"ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది."

నన్ను ఆవిడ ఎప్పుడూ బాబూ అనే పిలిచేవారు. పైగా ఆ పిలుపులో పరాయి మర్యాద లేదు. విసుగూ చనువూ కలిసిన ఇంటి మాట. నా చెయ్యి గాలిలో ఆగింది. అందులో బంటు ఉంది.

ఆవిడ గ్లాసుతో గుమ్మం దాకా వచ్చి నన్ను చూసి నిలబడిపోయారు.

"చప్పుడు వినిపించింది బాబూ," అన్నారు చివరికి. "పరాకులో అనేశాను."

"ఆయన ఇలా కొట్టేవారని నాకు చెప్పారా పిన్నిగారూ?"

"లేదండీ. నేనే మర్చిపోయాను."

ఆ రోజు నుంచి ఆవిడ అడక్కుండానే మధ్యాహ్నం కాఫీ తెచ్చి ఆ బల్ల మీద పెట్టేవారు. నేను గదిలోంచి బయటికి రాకపోయినా పెట్టేవారు. ఒకసారి గ్లాసు తీయడానికి వెళ్తే ఖాళీగా ఉంది. ఆవిడే తాగి ఉంటారు. అడిగే ధైర్యం చాల్లేదు.

నెల తిరక్కుండా పెంటపాడు రోడ్డులో ఇంకో గది చూసుకున్నాను. ఓపెనింగ్ కూడా మార్చేశాను. మంత్రి ముందు బంటుతో మొదలుపెట్టి ప్రతి ఎత్తూ కూడబలుక్కుంటూ ఆడాను. రేటింగ్ మొదటికొచ్చింది. తిరిగి ఎక్కడానికి ఏడాది పైనే పట్టింది. కానీ గెలిచిన ఆటలన్నీ నావేనని తెలుసు.

ఆ మధ్యలో ఒకసారి పిన్నిగారిని చూడ్డానికి వెళ్లాను. కిటికీ పక్కన, చదరంగం బల్ల ఉండే చోట టీవీ పెట్టారు. "బాబూ, చిక్కిపోయారేంటండీ, భోంచేసి వెళ్లండి" అన్నారు. ఆ పిలుపు వినగానే గుండె కుదుటపడింది. భోజనం చేస్తున్నంతసేపూ ఎందుకో ఆవిడ ఇంకోలా పిలుస్తారేమోనని కూడా ఎదురుచూశాను.