మిద్దె మీద వన్స్ మోర్

మట్టి వాసన గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. మిద్దె వాసన గురించి ఎవరూ రాసినట్టు లేదు. కర్నూలు ఎండలో రోజంతా కాగిన మిద్దె మీద సాయంత్రం బిందెడు నీళ్లు కుమ్మరించి చూడాలి. కాళ్ల కింద సుయ్యిమంటుంది. సిమెంటు, దుమ్ము, పొద్దున ఆరేసి తీసిన వడియాల ఉప్పు, అన్నీ కలిసిన ఆవిరి ఒకటి మొహానికి కొడుతుంది. నిన్న సాయంత్రం రాత్రి పడకకు మిద్దె చల్లారుతుందని నీళ్లు పోశాను. ఆ వాసన లేవగానే చేతిలో చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నీళ్లు పోసిన తర్వాత ఒక గొంతు లేవాలి. అది లేవలేదు. లేవదని నాకు తెలుసు. తెలిసినా చెవులు కాసేపు కాచుకుని ఉంటాయి, వాటికి చెప్పినా వినవు.

ఆ గొంతు సుంకులమ్మది. కరోనాకు ముందు కల్లూరులోని మా ఇంటి మిద్దె మీది గదికి అద్దెకు వచ్చింది. పొడుగు మనిషి, వెడల్పు భుజాలు, నెరిసిన జుట్టు బిగించి ముడి. మాకు కర్నూలులో స్టీలు సామాన్ల అంగడి. బి.ఏ. చదివిన నేనే గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను. మనిషిని చూడగానే ఆరా తీయడం నాకు అలవాటు.

"ఏం పని చేస్తావత్తా?" అని అడిగాను.

"రాజు పని" అంది.

"ఏ రాజు?"

"ఎండాకాలమొస్తే రాజుని శెట్టెమ్మా. తక్కిన దినాలు జాకెట్లు కుడ్తా."

పద్యనాటకాల్లో మగవేషం కట్టేదట. ఆడవేషానికి పనికిరానంత పెద్ద గొంతు అని చిన్నప్పుడే నాటక సమాజం వాళ్లు తలపాగా చుట్టి కిరీటం పెట్టేశారట. తిరునాళ్లు మొదలైతే ఊరూరూ తిరిగేది, వానలు పడగానే మా మిద్దె మీదికి వచ్చి కుట్టుమిషను ముందు కూర్చునేది. చేరిన రోజే మా అంగట్లో ఒక స్టీలు బిందె కొన్నది. కొనేముందు మూతి దగ్గర నోరు పెట్టి "ఊఁ" అని పలికించి చూసింది. నా జీవితంలో బిందెను అలా బేరం చేసిన మనిషిని చూడలేదు.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. మా సందు మొదట్లో కర్రలు కట్టేశారు. అంగడి మూతపడింది. తిరునాళ్లన్నీ ఆగిపోయాయి. ఎదురింటి దావీదు షేర్ ఆటోకు పట్ట కప్పి, రోజుకు రెండుసార్లు దాన్ని తుడిచి, మళ్లీ కప్పుకునేవాడు. టీవీ పెడితే భయం, కట్టేస్తే అంతకంటే భయం. అలాంటి ఒక సాయంత్రం మా నెత్తిమీద నీళ్లు పడిన చప్పుడు, వెనకే పద్యం. నేను కొంగు బిగించి మెట్లెక్కాను. ఆమె చెప్పులు లేకుండా తడి మిద్దె మీద నిలబడి ఉంది. పాడే చోట చెప్పులు వేసుకోదు, అందుకే ఆ నీళ్లు.

"ఏమత్తా, జనమంతా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకోనుంటే నీకు పాటలు కావల్సొచ్చినాయా?"

"పాట గాదు శెట్టెమ్మా, సాధకం. ఈ ఎండాకాలం పాడకుంటే గొంతు తుప్పు పడ్తాది. బండి నడపకుంటే పడ్దా? ఆ దావీదును అడుగు."

"బండికి చప్పుడు ల్యాకుండా పెట్టుకుంటాడు. నువ్వు ఊరంతా లేపుతాండావు."

"నిద్రపోయినోళ్లు యాడుండారు లేపేకి?"

నేను ఇంకో మాట అందుకోబోతుండగా ఎదురు మిద్దె మీంచి ఒక కేక వచ్చింది. "వన్స్ మోర్!"

దావీదు. లుంగీ కట్టుకుని, రెండు చేతులూ పిట్టగోడ మీద పెట్టి, మొహం వెలిగిపోతూ నిలబడి ఉన్నాడు. సుంకులమ్మ నన్ను అక్కడే వదిలేసి అటు తిరిగి దణ్ణం పెట్టి, పద్యం మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. నాతో వాదన మధ్యలో వదిలిపెట్టి వెళ్లిన మనిషి అంతవరకూ లేదు. పాడటం అయ్యాక గట్టిగానే అడిగాను.

"నేను మాట్లాడ్తాంటే మధ్యలో అదేంది?"

"వన్స్ మోర్ అంటే పాడల్ల. అది స్టేజీ ధర్మం. కాదనేకి రాజుకు గూడా అధికారం ల్యా."

అప్పుడే చెప్పింది, ఆదోని వైపు ఒక తిరునాళ్లలో తాను రెండుసార్లు చచ్చిన కథ. యుద్ధంలో పడిపోతూ చివరి పద్యం పాడి కన్నుమూసిందట. జనం వన్స్ మోర్ అన్నారట. లేచి, కిరీటం సర్దుకుని, మళ్లీ పాడి, మళ్లీ పడి చచ్చిందట. "రెండోసారి ఇంగా బాగా చచ్చినా" అంది. నేను నవ్వు ఆపుకోవాలని చూశాను. కుదరలేదు.

అలా మొదలైంది. వారం తిరిగేసరికి సాయంత్రమైతే సందులోని మిద్దెలన్నీ నిండేవి. మొహాలకు గుడ్డలు కట్టుకుని, ఎవరి పిట్టగోడ దగ్గర వాళ్లు. హార్మోనియం లేదు, ఆ లోటు మా అంగట్లో కొన్న బిందె తీర్చింది. నీళ్లు కుమ్మరించి, ఖాళీ బిందెలోకి తల వంచి ఊఁ అని శ్రుతి పట్టి, ఆ నాదం చెవిలో ఉండగానే తల ఎత్తి పద్యం అందుకునేది. నాటకం మొహం చూడని పిల్లలు, సీరియళ్లు తప్ప ఇంకేమీ చూడని కోడళ్లు, రాగం ఎక్కడ తిరుగుతుందో తెలియకపోయినా అది తిరిగిన చోట తలలూపడం నేర్చుకున్నారు. చావుల కాలంలో పాటలేమిటని ఒక పెద్దమనిషి కింద నిలబడి కేకలేశాడు. ఆయనకు జవాబు చెప్పింది నేనే. మొదటి రోజు నేను సుంకులమ్మతో అన్న మాటలే ఆయన నాతో అంటూ ఉంటే, వాటిలో పస ఎంత తక్కువో బాగా తెలిసింది. వాదనలో నాకు సిగ్గు లేదు, ఎటువైపు నిలబడితే అటువైపు గెలవాలి. దావీదు పొగాకు గొంతుతో వన్స్ మోర్ అనేవాడు. చర్చిలో పాటలు ఎత్తే అతని భార్య సువార్తమ్మ పక్కన కూర్చుని, వేళ్లతో గోడ మీద తాళం వేసేది.

నేను మాత్రం ఒక్కసారీ అనలేదు. సుంకులమ్మ అది గమనించింది.

"ఇంత నోరుండాది, ఒక్కసారన్నా వన్స్ మోర్ అనవేం?"

"మా నాయన నేర్పిచ్చినాడత్తా. సరుకు బాగుండాదని నోటితో అంటే రేటు పెరుగుతాది. బాగున్నా పెదవి ఇరిచి చూడల్ల."

"నేనేమన్నా స్టీలు బిందెనా శెట్టెమ్మా, రేటు పెరిగేకి? ఇన్నేండ్లు పాడినా. మొగోళ్లే అరిచినారు, ఆడోళ్లు కొంగు అడ్డం పెట్టుకోని ఇనిపోయినారు. ఒక ఆడమనిషి నోట ఇనల్లని ఉండాది."

"అంటే నీ తల మిద్దె పట్టదు."

"పట్టకుంటే ఇంగో మిద్దె ఎయ్యి. దుడ్లు శానా ఉండాయి గదా" అంది.

ఆమె కాదన్న కోరిక ఒకే ఒకటి ఉంది. దావీదుకు కాటిసీను అంటే ప్రాణం. రాజ్యం పోయి శ్మశానానికి కాపలాదారైన రాజు, కాలే చితుల మధ్య నిలబడి పాడే పద్యం. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో విన్నాడట. వారానికోసారి అడిగేవాడు.

"పెద్దమ్మా, కాటిసీను."

"ఇప్పుడొద్దప్పా."

"నీ నోట ఇనల్ల. ఒక్కసారి."

"జబ్బు పోనీ. నీ ఆటోలోనే కూకోని పాడ్తా."

ఎందుకు కాదంటున్నావని నేను అడిగితే బిందె తుడుస్తూ చెప్పింది. "ఆ పద్యానికి వన్స్ మోర్ పడకుండా యానాడూ నేను స్టేజీ దిగల్యా. ఈ దినాల్లో జనంతో కాటికి వన్స్ మోర్ అనిపిచ్చమంటావా?" నాకు మూఢనమ్మకాలు లేవు. ఆ మాట మీద గంటసేపు వాదించగలను. వాదించలేదు.

మరుసటి ఎండాకాలం జబ్బు ఇంకా గట్టిగా వచ్చింది. మిద్దెల మీదికి మళ్లీ చేరాం. ఒక సాయంత్రం వన్స్ మోర్ అన్న కేకకు బదులు ఎదురు మిద్దె మీంచి దగ్గు వినిపించింది. తర్వాత దావీదును ఆసుపత్రికి తీసుకుపోయారు. నడిచే వెళ్లాడు, ఆటో మీది పట్ట సరిచేసి మరీ వెళ్లాడు. తిరిగి రాలేదు. ఇంటికి తేనివ్వలేదు. సువార్తమ్మకు మొహం చూపించలేదు. వాళ్లలో సమాధి దగ్గర పాట పాడకుండా మట్టి వేయరు. ఆ రోజు పాట లేదు, పాడేవాళ్లను దగ్గరకు రానివ్వలేదు. ఎన్నో చావు ఇళ్లకు పోయి పాడి వచ్చిన ఆమె, తన మనిషికి పాడలేకపోయింది.

సుంకులమ్మ పాడటం మానేసింది. బిందె గది బయట బోర్లించి ఉండేది. సాయంత్రాలు మిద్దెల మీద ఎవరైనా ఉంటే బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్లే.

కొన్ని రోజులకు సువార్తమ్మ పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడింది. నేను వడియాలు తీస్తున్నాను.

"పెద్దమ్మా" అని పిలిచింది. సుంకులమ్మ గదిలోంచి బయటికి వచ్చింది. "ఆయప్ప అడిగిన పద్యం పాడు."

నేను ఊరుకోలేదు. "వద్దు సువార్తా. అదేం పద్యమో నీకు తెలుసు గదా. పచ్చి పుండు మీద…"

"నువ్వుండక్కా" అంది, నా వైపు చూడకుండానే. "ఆయన మట్టికి పాట పడల్యా. ఏ పాటైనా ఒకటి పడల్ల. ఆయన అడిగిందే పడల్ల."

సుంకులమ్మ బోర్లించిన బిందెను తిప్పి పెట్టింది. "రేపు" అని లోపలికి పోయింది.

మర్నాడు నీళ్లు ఎక్కువ పోసింది. మిద్దె అంతా పొగలాంటి ఆవిరి. ఎవరు చెప్పారో తెలియదు, సందులోని మిద్దెలన్నిటి మీదా జనం నిలబడ్డారు. ఆమె బిందెలో శ్రుతి పట్టడానికి వంగి, చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక పాడింది. ఆమె గొంతు పెద్దదని చెప్పాను గదా, ఆ రోజు దాన్ని పెద్దది చేయలేదు. వీధి దాటించాల్సినంత మటుకే పంపింది, ఎదురు మిద్దె వరకు. మాటలు నాకు కొత్తవి కావు. కానీ రాజు, పేద, అందరూ అక్కడికే అన్న మాట నాటకంలో వింటే తత్వంలా ఉంటుంది, పట్ట కప్పిన ఆటో కళ్ల ముందు ఉండగా వింటే వేరు. సువార్తమ్మ రెండు అరచేతులూ గోడ మీద పరిచి, కదలకుండా నిలబడింది. తాళం వేయలేదు.

చివరి రాగం ఆగింది. పద్యం అయ్యాక నటులు ఒక్క క్షణం కదలకుండా నిలబడతారు, జనం మాట కోసం. సుంకులమ్మ అలా నిలబడింది. ఎవరూ అనలేదు. అన్ని మిద్దెలూ నిండి ఉన్నాయి, ఒక్క గొంతూ లేవలేదు. నేనూ అనలేదు. ఆమె భయపడినది జరగకుండా పోయిందని నాకు ఊపిరి వచ్చింది.

అప్పుడు ఆమె ఎదురు మిద్దె వైపు తిరిగి దణ్ణం పెట్టి, పద్యం మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.

ఈసారి గొంతు దాచుకోలేదు. సువార్తమ్మ గోడ మీద తల వాల్చి ఏడ్చింది. దావీదు పోయాక ఆమె ఏడవడం మేము చూసింది అప్పుడే.

అందరూ దిగిపోయాక అడిగాను, అడగకుండా ఉండలేను కాబట్టి. "ఎవురూ వన్స్ మోర్ అనల్యా గదత్తా. మల్లా ఎందుకు పాడ్తివి?"

"అనేటోడు వారం వారం అనిపాయ గదా శెట్టెమ్మా. ఇంగెవురు అనల్ల?" అంది. బిందె తీసుకుని లోపలికి పోయింది.

జబ్బు తగ్గాక తిరునాళ్లు మళ్లీ మొదలయ్యాయి. ఒక సమాజం వాళ్లు పిలిస్తే మూటాముల్లె సర్దుకుంది. ఆటో ఎక్కేటప్పుడు "గది ఎవురికీ ఇయ్యొద్దు, వానలకు వస్తా" అంది. ఆ వానలకు రాలేదు. మంత్రాలయం దగ్గర పల్లెలో చెల్లెలి కూతురి ఇంట్లో ఉండిపోయిందని, మోకాళ్లు పోయాయని, గొంతు మాత్రం అలాగే ఉందని ఫోన్‌లో చెప్పేది. వెళ్దాం, వెళ్దాం అనుకుంటూ ఉండగా నిరుడు ఆ చెల్లెలి కూతురే ఫోన్ చేసింది. ఏ జబ్బూ కాదట, నిద్రలోనే. పాట పాడారా అని అడిగాను. భజన వాళ్లు తెల్లవార్లూ పాడారని చెప్పింది. ఆ మాటకు ఎందుకో అంత దుఃఖంలోనూ నిమ్మళించాను.

ఆమె వల్ల నేను మంచిదాన్నయ్యానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నా నోరు అలాగే ఉంది, మా ఆయన్ని అడగండి. మారింది ఒక్కటే. సరుకు తెచ్చినవాళ్లతో, బాగుంటే, ఇది బాగుంది అని మొహం మీదే అంటున్నాను. రేటు పెరుగుతోంది. మా నాయన చెప్పింది అబద్ధం కాదు.

ఈ ఏడు కల్లూరు పక్క పల్లెలో తిరునాళ్లకు సువార్తమ్మా నేనూ కలిసి పోయాం. నాటకంలో రాజు వేషం ఒక చిన్నపిల్లది. కిరీటం వదులై మాటిమాటికీ కనుబొమల మీదికి జారుతోంది. గొంతు ఇంకా పండలేదు, పై స్థాయిలో కొంచెం వణికింది, కానీ పద్యం విడిచిపెట్టలేదు. చివరి రాగం తీసి, ఆ పిల్ల ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. మగవాళ్ల వైపు ఎవరో బీడీ వెలిగించుకుంటున్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

నేను లేచి నిలబడి, వెనకవాళ్లు ఉలిక్కిపడేలా వన్స్ మోర్ అని అరిచాను. ఆడవాళ్లందరూ తిరిగి చూశారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. స్టేజీ మీది పిల్ల ఆ గొంతు ఎటునుంచి వచ్చిందో వెతికి, మా వైపు తిరిగి దణ్ణం పెట్టి, కిరీటం పైకి తోసుకుంది.

"కూకోక్కా, పాడ్తాది" అని సువార్తమ్మ నా చెయ్యి పట్టి లాగింది. కూర్చున్నాను. పక్కన ఆమె వేళ్లు చాప మీద తాళం వేయడం మొదలుపెట్టాయి.