బేరం నిండుకుంది

నా చిన్నప్పుడు మా ఇంట్లో బియ్యం ఒక్కసారి కూడా అయిపోలేదు. అలాగని మేమేదో కలిగినవాళ్ళం కాదు. అయిపోయాయి అనే మాట మా మేనత్త అననిచ్చేది కాదు, అంతే. గరిట పెడితే డబ్బా అడుగు గీరుకుంటున్నా సరే, 'నిండుకున్నాయి' అనాలి. దీపం ఆరిపోకూడదు, కొండెక్కాలి. ఎవరూ వెళ్ళిపోకూడదు, వెళ్ళి రావాలి. ఈ మాటలు అందరి ఇళ్ళల్లోనూ ఉన్నవే గానీ, ఆవిడంత మంకుపట్టు పట్టిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు. మా ఇంట్లో నూనె నిండుకునేది, కిరసనాయిలు నిండుకునేది, మా నాన్న జీతమైతే నెల సగానికే నిండుకునేది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈ వయసులో ఇల్లు కొనడమనే పాపాన్ని కోరి నెత్తికెత్తుకున్నాను. నేనూ మా చెల్లెలూ రాజమండ్రిలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. దాని మోకాళ్ళు ఇక మెట్లెక్కనంటున్నాయి. వారానికొకసారి కూడా కిందకి దిగలేక, కిటికీలోంచే కూరగాయల బండివాడితో బేరమాడుతుంది. నేల మీద చిన్న ఇల్లు ఒకటి దొరికిందని సంబరపడ్డాం. అప్పటినుంచీ మొదలైంది మా తద్దినం. మొదట లింకు డాక్యుమెంటు కనపడలేదన్నారు. అది కనపడేసరికి రిజిస్ట్రేషనుకి స్లాట్ దొరకలేదు. స్లాట్ దొరికిన రోజున సర్వర్ డౌన్. ఇంత జరుగుతున్నా బ్రోకరు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, "అయిపోయినట్టేనండి మేడమ్ గారూ" అంటాడు. ఆ 'అయిపోయినట్టే' అన్నమాట చెవిన పడితే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఈ కోపం మా నాన్న నాకిచ్చిన ఆస్తి. ఆయన తణుకు దగ్గర పల్లెలో హైస్కూలు గుమాస్తాగా చేసేవాడు. మా చెల్లెలు పుట్టాక అమ్మ ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉండడంతో ఇంటి పెత్తనమంతా మేనత్తది. ఆవిడ నాన్నకి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే, అత్తవారింటి నుంచి ఒక పెయ్యదూడను తోలుకుని నడిచి మా ఇంటికి వచ్చేసిందట. నాకు ఊహ తెలిసేనాటికి ఆ దూడ పెద్ద పాడిగేదె. దాని పాలు నాలుగిళ్ళకి వాడుకగా పోసి, నా చదువూ అమ్మ మందులూ ఆవిడే నెట్టుకొచ్చేది. ఆ గేదె ఒకరు ఇచ్చింది కాదు, తనది. ఇంట్లో ఆవిడకంటూ ఉన్నది అదొక్కటే.

అలాంటి రోజుల్లో మేం అద్దెకుంటున్న పెంకుటిల్లు పడగొట్టి ఇంటివాళ్ళు ధాన్యం కొట్టు కట్టుకుంటామన్నారు. వానలు పడేలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఊళ్ళో ఎక్కడ అద్దెకి అడిగినా మనుషుల దాకా సరేననేవారు. "గేదె కూడానా?" అని మొహం ముడిచేవారు. గేదెను అమ్మేస్తే మర్నాడే ఇల్లు దొరుకుతుంది. ఆ మాట మా ఇంట్లో అందరి మనసుల్లోనూ ఉండేది, ఎవరూ పైకి అనేవారు కాదు. నాన్న మాత్రం అక్కచేత గేదెను అమ్మించనని పంతం పట్టి, ఎలాగో అప్పు పుట్టించి, ఊరి చివర పుంత పక్కన చిన్న స్థలం బేరమాడాడు. బళ్ళు పోయే ఆ పుంత వారగా రెండు కొబ్బరిచెట్లు, నాలుగు తుప్పలు, అంతే స్థలం. ముగ్గురు అన్నదమ్ములది. బేరం ఖాయమని బజానా డబ్బు కూడా ముందే ఇచ్చేశాం.

ఇక ఆ అన్నదమ్ముల సంగతి చెప్పాలి. తణుకులో రిజిస్ట్రారాఫీసుకి బయలుదేరాల్సిన రోజున పెద్దాయనకి మూఢమి గుర్తొచ్చింది. మూఢమి వెళ్ళాక అందరూ ఆఫీసు దాకా వెళ్ళారు. తీరా దస్తావేజు చదువుతుంటే నడిపివాడు లేచి, స్థలం అమ్మాను గానీ కొబ్బరిచెట్లు అమ్మలేదన్నాడు. చెట్లు గాలిలో ఉంటాయా అని మా నాన్న. వేర్లు మీవి, కాయలు మావి అని ఆయన. ఆ పూటంతా ఇదే వాదన. మూడోసారికి నడిపివాణ్ణి ఎలాగో సముదాయించి తీసుకెళ్తే, ఈసారి చిన్నవాడు సంతకం పెట్టకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఎందుకయ్యా అంటే, అందరూ హోటలుకి వెళ్తూ తనను టిఫినుకి పిలవలేదట. పిలిచామని వాళ్ళూ, తన మొహం చూసి పిలవలేదని ఇతనూ. మా గోదావరి జిల్లాల్లో అన్నం పెట్టకపోయినా క్షమిస్తారు గానీ, మర్యాదగా పిలవకపోతే మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు.

ఆ రోజు మధ్యాహ్నం నాన్న ఇంటికొచ్చిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. గొడుగు ఒక మూలకి, కండువా ఒక మూలకి విసిరేసి, "అయిపోయింది" అన్నాడు. మేనత్త పెరట్లో పిడకలు కొడుతోంది. ఆవిడకీ కోపం తక్కువేం కాదు. ఆ స్థలం విషయం మొదలైనప్పటినుంచీ పిడకలు గోడకి చెంపదెబ్బల్లా చప్పుడు చేస్తూ అతుక్కుంటున్నాయి. చెయ్యి కడుక్కుని లోపలికొచ్చి, "ఆ మాట ఇంట్లో అనకు. నిండుకుందను" అంది.

"ఇది బియ్యం డబ్బా కాదక్కా!"

"ఏదైతేనేం. నిండుకుందను."

నాన్న అనలేదు. మళ్ళీ చెప్పులేసుకుని, నేరుగా ఆ పెద్దాయన ఇంటికే పోతానన్నాడు. మీ స్థలం మీరే ఊరేసుకోండని నలుగురిలో మొహం మీద చెప్పి, బజానా తిరిగి తెచ్చుకుంటానన్నాడు. మా నాన్న ఒక గుమ్మంలో నిలబడి ఇక చాలన్నాడంటే జన్మలో ఆ గుమ్మం తొక్కడు. అది మా మేనత్తకి తెలుసు. ఆ తరవాత మిగిలేది గేదెను అమ్మడమేనని కూడా తెలుసు.

ఆవిడ వాదించలేదు. అటక మీంచి జనపనార దించి, ఒక కొస వీధిగుమ్మం పక్క గుంజకి కట్టి, నన్ను పిలిచి రెండో కొస నా చేతికిచ్చి గుమ్మానికి అవతలి వైపు నిలబెట్టింది. మధ్యలో తను కూర్చుని తీరిగ్గా పలుపు పేనడం మొదలుపెట్టింది. గేదెను కట్టే తాడే పలుపు. పాత పలుపు బంగారంలా ఉంది. కొత్తది దేనికో నాకర్థం కాలేదు. నాన్న గుమ్మం దాకా వచ్చి ఆ తాడు దాటబోయాడు.

"దాటకురోయ్! పేనుతున్న పలుపు దాటితే గేదె వట్టిపోతుంది" అంది మేనత్త.

అలాంటి ఆచారం ఒకటుందని అంతకుముందు గానీ ఆ తరవాత గానీ నేను ఎక్కడా వినలేదు. చెడ్డమాట నోట రానివ్వని మనిషి, తన గేదె గురించి తనే అంతమాట అంది. నాన్న ఎత్తిన కాలు దించేశాడు. ఆచారాలంటే నవ్వే మనిషే గానీ, గేదె పాలతో పందెం వెయ్యలేకపోయాడు. "ఎంతసేపు పేనుతావు?" అన్నాడు. "కొత్తింట్లో కట్టెయ్యాలి కదరా, గట్టిగా ఉండొద్దూ" అంది. స్థలమే లేదు మొర్రో అంటే కొత్తిల్లంటుందేంటని ఆయన అరుగు మీద కూలబడి తనలో తను తిట్టుకున్నాడు. పలుపు పూర్తయ్యేసరికి నా చేతులు లాగేశాయి, ఆయన కోపం సగం దిగిపోయింది. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

సాయంత్రం పొయ్యిలోకి రంపపు పొట్టు నిండుకుందని నన్ను అడితికి పంపింది. కర్రలు కోసి అమ్మే ఆ అడితి ఆయన కూడా మా పుంత స్థలం మీద కన్నేశాడని ఊళ్ళో చెప్పుకునేవారు. మా బేరం చెడితే తనకు చెప్పమని పెద్దాయన చెవిలో వేసి ఉంచాడట. అన్నదమ్ములు ఇన్ని వంకలు పెట్టడానికి అసలు కారణం అదేనని నాన్న అనుమానం. బుట్ట చేతికిస్తూ మేనత్త ఒక్కటే చెప్పింది. ఎవరన్నా అడిగితే పోయిందని అఘోరించకు, నిండుకుందని చెప్పు అని.

అడగనే అడిగాడు. "ఏమ్మా, నాన్నగారు తణుకు వెళ్ళొచ్చారంట గదా. స్థలం బేరం ఏమైంది?"

"నిండుకుందండి" అన్నాను.

ఆయన మొహం అదోలా అయింది. "నిండుకుందా? మొత్తానికేనా?"

"ఆయ్, మొత్తానికేనండి."

తరవాత తనే వంగి బుట్టలో పొట్టు అదిమి అదిమి నింపి, "పోన్లే, మీ అత్తగారితో సంతోషమని చెప్పమ్మా" అన్నాడు. మా బేరం చెడితే ఈయనకి సంతోషమేంటని నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి జరిగిందంతా మేనత్తతో చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపి నావంక చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సరేలే, పొట్టు అక్కడ పెట్టు" అని పొయ్యి వైపు తిరిగిపోయింది.

మర్నాడు నాన్న బడినుంచి మండుతూ వచ్చాడు. దారిపొడుగునా ప్రతివాడూ ఆపి, స్థలం కొన్నారంటగా, స్వీటెప్పుడండీ అని అడిగారట. ఈ పుకారు పుట్టించిందెవరని గట్టిగా అరిచేసరికి నేను పోయి గేదె వెనకాల నక్కాను. మేనత్త మాత్రం పాలు పితుకుతూనే, "మనం నిండుకుందన్నాం. ఎదుటివాళ్ళకి తెలుగు రాకపోతే మనమేం చేస్తాం?" అంది.

ఆ వారంలోనే అడితి ఆయన కాలవ అవతల ఇంకో స్థలం కొనుక్కున్నాడన్న కబురు వచ్చింది. ఆ వెనకే అన్నదమ్ముల్లో పెద్దాయన స్వయంగా మా ఇంటికి వచ్చాడు. చేతిలో రెండు బోండాలు, అవీ ఆ తగువు చెట్టువే. "ఏవండీ అక్కగారూ, మనం మనం ఒక ఊరివాళ్ళం. చిన్న చిన్న మాటలు పట్టించుకుంటే ఎలాగండి?" అన్నాడు. నేనైతే ఆ బోండాలు ఆయన నెత్తినే కొట్టేదాన్ని. మా మేనత్త పీట వేసి, మజ్జిగ ఇచ్చింది. ఒక చెట్టు కాయలు నడిపాయన ఉన్నన్నాళ్ళూ ఆయనవేనని తనే చెప్పింది. లోపల్నుంచి మా నాన్న పళ్ళు నూరిన చప్పుడు నాకు వినపడింది.

రిజిస్ట్రేషను రోజున ఆవిడ కూడా తణుకు బయలుదేరింది. తెల్లారకుండా లేచి మినపరొట్టి కాల్చి, అరిటాకులతో సహా మూటగట్టింది. నన్నూ తీసుకెళ్ళింది. ఆఫీసు ముందు చెట్టునీడలో, అందరికన్నా ముందు ఆ చిన్నవాడి పేరు నలుగురికీ వినపడేలా పిలిచి, "రావయ్యా, నువ్వు తింటే గానీ మేం తినం" అంది. అతను రెండుసార్లు వడ్డించుకుని, మూతి తుడుచుకుని, అందరికన్నా ముందు వెళ్ళి సంతకం పెట్టాడు. వానలు పట్టేలోగా ఆ స్థలంలో తాటాకు పాక ఒకటి లేచింది. అందులోకి మాకన్నా ముందు గేదె అడుగుపెట్టింది. దాన్ని ఆ కొత్త పలుపుతోనే కట్టేశాం.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, ఆ రోజు అడితి ఆయన తప్పుగా అర్థం చేసుకుంటాడని తెలిసే నన్ను పంపావా అని. "ఆయన మనసులో ఏముందో నాకేం తెలుసే?" అంది. మళ్ళీ తనే చెప్పింది. "అయిపోయింది అన్నామనుకో, డబ్బా తీసి అటక మీద పడేస్తాం. నిండుకుంది అంటే, కడిగి ఎండలో పెట్టుకుంటాం. మళ్ళీ పోసుకోవాలి కదా." నేను ఆవిడ దగ్గర నేర్చుకున్న చదువంతా ఇదే. ఈ మాటవల్ల నాకు కోపం తగ్గిందనుకునేరు, ఒక్క పిసరు కూడా తగ్గలేదు. తిట్టాల్సినవన్నీ తిడతాను. ఆ చివరిమాట మాత్రం అనను.

అననని చెప్పుకుంటానే గానీ, నిన్న ఇంచుమించు అనేసేదాన్నే. సర్వర్ బాగుపడింది, అందరం రిజిస్ట్రారాఫీసుకి చేరాం. అమ్మే ఆయన చెల్లెలు కూడా సంతకం పెట్టాలి. ఆవిడ వచ్చి కాసేపు కూర్చుని, తనను ఎవరూ పలకరించలేదని అలిగి ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటేనే నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ ఇల్లూ వద్దు, ఈ నరకమూ వద్దు, అమ్మే ఆయన ఇంటికే వెళ్ళి మొహం మీద చెప్పేసి వస్తానని మా చెల్లెలితో అని, చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగాను.

అది గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఉంది. లేవలేదు, వారించలేదు. చేతికర్ర ఎత్తి గుమ్మానికి అడ్డంగా పెట్టింది.

"దాటకక్కా, గేదె వట్టిపోతుంది" అంది.

ఆ గేదె ఏనాడో పోయింది. మేనత్తా పోయింది. పలుపు పేనిన నాటికి ఇది ఉయ్యాల్లో పసిగుడ్డు. ఆ మాట ఎన్నిసార్లు విని ఉంటుందో, ఎన్నాళ్ళు దాచుకుందో నాకు తెలియదు. ఆ మోకాళ్ళ వంకా, అడ్డంగా పట్టుకున్న ఆ కర్ర వంకా చూశాను. తరవాత చెప్పులు విప్పి లోపలికొచ్చి, బ్రోకరుకి ఫోన్ చేసి, ఆ చెల్లెలుగారికి ఏ టిఫిన్ ఇష్టమో కనుక్కోమన్నాను.