కళ్ళజోళ్ళ అక్క ముక్కు

ఆ వీధిలో అందరూ ఆమెను కళ్ళజోళ్ళ అక్క అనే పిలిచేవారు. కూడలి దగ్గరున్న కళ్ళజోళ్ళ దుకాణంలో పెళ్ళికి ముందు నుంచీ ఆమే పనిచేస్తోంది. వచ్చినవాళ్ళ ముఖానికి ఫ్రేము పెట్టి, కాస్త వెనక్కి జరిగి చూసేది. మళ్ళీ తీసి, కాడను వేడిగాలికి చూపించి పిసరంత వంచి పెట్టేది. "ఎడమ చెవి కొంచెం పైకుంది మీకు. ఏం ఫరవాలేదు, అందరికీ ఏదో ఒకటి అలాగే ఉంటుంది" అని నచ్చజెప్పేది.

ఆమె ముక్కు వంకర మాత్రం చూడగానే తెలిసిపోయేది. చిన్నప్పుడు బళ్ళో ఉయ్యాల చెక్క ఎదురొచ్చి ముక్కు మీద కొట్టింది. రక్తం ఆగింది, వాపు తగ్గింది, ఇంట్లో వాళ్ళు ఆ సంగతే మర్చిపోయారు. కానీ ఆమె ఎదిగేకొద్దీ ముక్కు కుడివైపుకు ఒరిగిపోయింది. మనిషేమో ఏదున్నా మొహం మీదే చెప్పేసే రకం. "ముక్కే వంకర, మనిషి ముక్కుసూటి" అని దుకాణం యజమాని వచ్చినవాళ్ళందరితో అనేవాడు. ఆమె కూడా నవ్వేది, పెదాల వరకే.

నలభై దాటాక ఊపిరి కష్టమైంది. ఎడమ వైపు నుంచి గాలి ఆడేది కాదు. పొద్దున లేచేసరికి గొంతు ఎండి పిడచకట్టుకుపోయేది. ముద్ద నములుతూ మధ్యలో ఆగి నోటితో గాలి పీల్చుకోవాల్సి వచ్చేది. స్కూలు వ్యాను నడిపే భర్త ఇది చూడలేక, సెలవు రోజు చూసి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ ముక్కులోకి లైటు వేసి చూసింది. "మధ్యలో గోడ ఉంటుంది కదమ్మా, అది వంగిపోయింది. పైన ఎముక కూడా పక్కకు జరిగింది. లోపలిదొక్కటే సరిచేస్తే సగం పనే. రెండూ కలిపి చేస్తే ఊపిరీ బాగుంటుంది, ముక్కూ తిన్నగా అవుతుంది."

"నాకు ఊపిరి ఆడితే చాలండీ" అందామె గబుక్కున.

"తిన్నగా అయితే వద్దా?" అని డాక్టరమ్మ అడిగింది. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

ఇంట్లో అత్తగారు విని ముక్కున వేలేసుకుంది. "కూతురు కాలేజీకొచ్చింది. ఈ వయసులో నీకు ముక్కు సోకులేమిటే?"

"సోకు కాదత్తయ్యా, ఊపిరి కోసం."

పక్కింటివాళ్ళకూ, యజమానికీ అదే మాట. చెప్పీ చెప్పీ ఆ మాట ఆమె నోట్లోనే అరిగిపోయింది.

ఆపరేషన్‌కు ముందు రోజు ఆసుపత్రిలో చేరాక నర్సు వచ్చి ఆమె కళ్ళజోడు తీయించి, ఎదురుగా, రెండు పక్కల నుంచీ ఫొటోలు తీసింది. ఆమె అడిగి వాటిని చూసింది. పెళ్ళి ఫొటోల్లో కూడా ముఖం ఓ వైపుకు తిప్పి నిలబడిన మనిషి. తన ముఖాన్ని తిన్నగా ఎదురు నుంచి చూసుకోవడం ఆమెకు కొత్తగా ఉంది.

నర్సు వెళ్ళాక భర్తతో అంది, "అందరికీ అబద్ధం చెప్తున్నానండీ."

"ఏమని?"

"ఊపిరి కోసమేనని. ముక్కు బాగుండాలని కూడా ఉంది. చిన్నప్పటి నుంచీ ఉంది."

"ఉంటే తప్పేంటి? తప్పని ఎవరన్నారు?"

"మీ అమ్మగారు."

"మా అమ్మ నా మీసం కూడా తీసేయమంటుంది. తీశానా?" అన్నాడతను. "నీ మనసులో ఉన్నది రేపు డాక్టరమ్మకు చెప్పు. కోసేది ఆవిడ కదా, ఆవిడకు తెలియొద్దూ?"

పొద్దున ఆమె చెప్పింది, సిగ్గుపడుతూనే. డాక్టరమ్మ శ్రద్ధగా విని, "సరే. కానీ గీత గీసినట్టు రాదు. కాస్త ఒరుగు మిగలొచ్చు" అంది.

ఆపరేషన్ అయ్యాక ముక్కు మీద గట్టి పట్టీ, కళ్ళ కింద నల్లటి వాపు. లోపలంతా బిగుసుకుపోయి, ఆడుతున్న కుడి వైపు కూడా మూసుకుపోయింది. ఉన్నది కూడా పోగొట్టుకున్నానేమో అని ఆమె బెంగపడింది. అత్తగారు మంచం పక్కన కూర్చుని చెంచాతో నీళ్ళు తాగించింది.

పట్టీ విప్పిన రోజున డాక్టరమ్మ గోడ కదలకుండా లోపల అమర్చిన పలుచటి ప్లాస్టిక్ రేకులను మెల్లగా బయటికి లాగింది. చల్లగాలి రెండు వైపుల నుంచీ ఒక్కసారిగా లోపలికి దూసుకెళ్ళింది. ఆమె నోరు మూసుకుని పీల్చింది, వదిలింది, మళ్ళీ పీల్చింది. "ఎలా ఉందమ్మా?" అని అడిగితే ఆగమన్నట్టు చెయ్యెత్తింది. నోరు తెరవాలనిపించలేదు ఆమెకు.

చిక్కల్లా కళ్ళజోడుతో వచ్చింది. ఎముక కుదురుకునేదాకా ముక్కు మీద బరువు పడకూడదట. అద్దాలు లేకపోతే ఆమెకు చెయ్యి చాపినంత మేరే కనిపిస్తుంది. భర్త ఆలోచించి, ఫ్రేము మధ్య భాగాన్ని టేపుతో నుదుటికి అతికించాడు. పొద్దున్నే అతను వ్యానుకు వెళ్ళిపోతాడు కాబట్టి ఆ పని అత్తగారిమీద పడింది. మొదటి రోజు ఆవిడకు నవ్వాగలేదు. తర్వాత్తర్వాత టేపు అతికిస్తూ కోడలి ముఖాన్ని అంత దగ్గర నుంచి పరీక్షగా చూసేది.

"ఇంకా కొంచెం కుడికే ఉందే."

"ఉంటుందని ముందే చెప్పారత్తయ్యా."

"బాగానే ఉందిలే" అందావిడ, టేపు మీద బొటనవేలితో ఒత్తుతూ.

టేపు అవసరం తీరాక ఆమె మళ్ళీ పనిలోకి వెళ్ళింది. ఎప్పుడూ వచ్చే టీచరమ్మ ఆమెను తేరిపార చూసి, "కొత్త ఫ్రేమా అక్కా? నప్పింది" అంది. ఆమెకు చివుక్కుమంది. ఇన్నేళ్ళూ లోకమంతా తన ముక్కునే చూస్తోందనుకుని తలొంచుకుంది. తీరా చూస్తే, ఆ బల్ల ముందు నిలబడ్డ ప్రతి మనిషీ అద్దంలో తన ముఖాన్నే చూసుకుంటున్నాడు. అయినా, టీచరమ్మ వెళ్ళాక అద్దాన్ని తనవైపు తిప్పుకుని ఓ క్షణం చూసుకుంది. ఇష్టంగానే చూసుకుంది.

ఓ ఆదివారం మధ్యాహ్నం అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. కనురెప్ప పక్కనున్న నల్లటి పులిపిరిని వేలితో తడుముతూ, "దీన్ని తీసేస్తుందా మీ డాక్టరమ్మ? చిన్నప్పుడు నా మొహం మీద ఈగ వాలిందని ఏడిపించేవాళ్ళు" అంది.

నొప్పి పెడుతోందా అని కోడలు అడగలేదు. "ఆవిడ కాదత్తయ్యా, దీనికి చర్మం డాక్టరు వేరే ఉంటారు. రేపు సెలవు పెడతాను, వెళ్దాం" అంది.