అక్క జాగలో ఊదా గీతలు

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్ళిపోయే రకం. భయపడి కాదు, విసుగు పుట్టి. మా చాల్‌లో, అంటే వరస గదుల పాత మేడలో, మెట్ల కింద ఎవరో కనిపిస్తారని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. పదో తరగతి పరీక్షలకు నేను చదువుకున్నది ఆ మెట్ల కిందే. ఎలుకలు తప్ప ఏమీ చూడలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం సంగతి అని అనను. ఇందులో ఉన్న మనిషి బతికే ఉంది. ఆమె మా అక్క.

మాది కామాటిపురలో కింది అంతస్తు ఖోలీ, అంటే ఒకటే గది. ఇళ్ళు కట్టే పనికి తాత పాలమూరు నుంచి వచ్చినప్పటిది. ఇలాంటి గదుల్లో మావాళ్ళకు ఒక పద్ధతి ఉంది. కాగితాల మీద ఖోలీ మగవాళ్ళది. లోపల మాత్రం ఎవరు ఎక్కడ కూర్చుంటే ఆ జాగ వాళ్ళది. ఎవరూ రాసుకోరు, ఎవరూ మీరరు.

తలుపు పక్కన వెలుతురు పడే మూల మా అక్క యాదమ్మది. భర్త పోయి తిరిగి వచ్చినప్పుడు, అప్పటికింకా బతికున్న అమ్మ ఆమెకు ఆ మూల చూపించింది. అక్కడే కుట్టు మిషన్ పెట్టుకుని గల్లీ ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది. మధ్యాహ్నం తిన్నాక కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచేది కాదు.

నేను నాగ్‌పాడాలో ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాణ్ణి. పెళ్ళి చేసుకోలేదు. సొంతంగా ఏదైనా పెట్టాలని, గదిలోనే డబ్బులు తీసుకుని ఆడించే వీఆర్ గేముల మీద మనసు పడ్డాను. హెడ్‌సెట్ తలకు తగిలించుకుంటే ఆట మన చుట్టూ ఉన్నట్టే కనిపిస్తుంది. అందులో రెండు రకాలు. ఒకటి దానంతట అదే నడుస్తుంది, కంప్యూటరు అక్కర్లేదు. వైరు ఉండదు కాబట్టి అందరూ నిలబడి చేతులు ఊపుతూ ఆడతారు, అందుకు నేల ఖాళీగా ఉండాలి. రెండోది వైరుతో కంప్యూటరుకు కలిపేది. దృశ్యం ఎంతో స్పష్టంగా ఉంటుంది. కారు రేసుల వంటివి కుర్చీలో కూర్చునే ఆడొచ్చు. కాకపోతే మంచి కంప్యూటరు కావాలి.

మా గదికి రెండోదే సరైనదని నాకు తెలుసు. ఒక పక్క కుర్చీ, ఒక పక్క అక్క మిషన్ పట్టేవి. అయినా మొదటి రకమే తెచ్చాను. ఖర్చు తక్కువని అందరికీ చెప్పాను. అసలు సంగతి, గది మొత్తం నాది కావాలనిపించింది. ఆ మాట అనే ధైర్యం లేక నెపం వస్తువు మీద పెట్టాను.

"అక్కా, దీనికి జాగ కావాల్నట. పెట్టె మీదనే రాసిన్రు," అన్నాను.

అక్క సూదిలో దారం ఎక్కిస్తూ పెట్టె వైపు చూసింది. "నేను కూసున్న జాగనే కావాల్నని రాసిన్రా తమ్మీ?"

నేను పెట్టె విప్పసాగాను. ఆ వారంలోనే అక్క మిషన్‌ను టెంపోలో వేసుకుని వర్లిలో మా చిన్న తమ్ముడి గదికి వెళ్ళిపోయింది. పోయే ముందు ఆ మూల శుభ్రంగా ఊడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం హెడ్‌సెట్ పెట్టుకుని నేల మీద ఆట హద్దు గీశాను. ఆ రకానికి ముందువైపు కెమెరాలుంటాయి. హద్దు లోపలికి కుర్చీ గానీ మనిషి గానీ వస్తే, మనం తగలకుండా ఆ ఆకారం చుట్టూ ఊదా రంగు గీతలు చూపిస్తుంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా తలుపు పక్క మూలలో గీతలు వచ్చాయి. నేల నుంచి నా నడుము దాకా, పైన కొంచెం ముందుకు వంగి. హెడ్‌సెట్ తీసి చూస్తే ఊడ్చిన గచ్చు తప్ప ఏమీ లేదు.

కెమెరా అద్దాలు తుడిచాను. హద్దు చెరిపి మళ్ళీ గీశాను. తలుపు మూసి ట్యూబులైటు వేశాను. గీతలు అక్కడే. పొద్దున ఉండవు, సాయంత్రం ఉండవు. ఎండ వల్ల అనుకుని మబ్బు పట్టిన రోజు చూశాను. వచ్చాయి. నాకు అమ్మిన దుకాణంవాళ్ళు హెడ్‌సెట్ మార్చి ఇచ్చారు. ఆ కొత్తది అక్క ఉండగా మా గదిలోకి రానే లేదు. దానిలోనూ వచ్చాయి.

పై అంతస్తు కుర్రాడు శైలుకు ఏమీ చెప్పకుండా హెడ్‌సెట్ పెట్టించాను. కాసేపు అటూ ఇటూ తిరిగి ఆగాడు.

"యాదక్క ఎప్పుడొచ్చిందన్నా? జర జరుగుమను, తాకుతది."

"అక్క వర్లిల ఉన్నది కదరా."

హెడ్‌సెట్ తీసి మూల వైపు చూశాడు. "మజాక్ చెయ్యకన్నా," అని చెప్పులు వేసుకుని పోయాడు.

ఆ తర్వాత ఎవరో వాడిన మంచి కంప్యూటరు ఒకటి, వైరున్న హెడ్‌సెట్ తెచ్చాను. ముందే తేవాల్సింది. తెచ్చింది కూడా అక్క కోసం కాదు, ఆ గీతలు చూడలేక. నేను తెచ్చిన దానికి గదిని చూసే కెమెరాలు లేవు. గోడలకు బిగించిన రెండు చిన్న డబ్బాల సాయంతో మన తల ఎటు తిరిగిందో తెలుసుకుంటుంది, అంతే. గదిలో ఎవరున్నారో దానికి పట్టదు. గీతలు రాలేదు. నాకు నిద్ర పట్టింది.

ఆడేవాళ్ళు రావడం మొదలైంది. కుర్చీ ఆటలతో పాటు నిలబడి ఆడేవీ పెట్టాను. ఒక మధ్యాహ్నం ఒకతను ఆడి వెళ్ళాక వైరు చుట్టబోతూ ఆగిపోయాను. అతని వెనకే గదంతా తిరిగిన వైరు, ఆ మూల దగ్గర మాత్రం దేన్నో చుట్టి వచ్చినట్టు వంగి పడి ఉంది. వైరు అలా పడొచ్చు. మర్నాడు వేరే మనిషి ఆడాడు. అలాగే పడింది. హెడ్‌సెట్ పెట్టుకుంటే గది ఎవరికీ కనిపించదు. అయినా మధ్యాహ్నం పూట ఆడేవాళ్ళెవరూ ఆ మూలలో కాలు పెట్టగా నేను చూడలేదు.

ఆదివారం వర్లి వెళ్ళాను. తమ్ముడి గదిలో కుట్టు మిషన్ అటక మీద, పాత బట్టల కింద ఉంది. అక్క మంచం అంచున కూర్చుని బియ్యం ఏరుతోంది. బాగా చిక్కింది. మెట్లెక్కితే ఆయాసపడుతోందని తమ్ముడు అన్నాడు. పెట్టె మీద రాశారన్నది అబద్ధమని, గది నాకొక్కడికే కావాలనిపించిందని ఆమెతో చెప్పాను. తర్వాత గీతల సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"ఏం కుడుతున్నట్టు కనవడ్డది?" అంది.

"గీతలే కనవడ్తయి అక్కా. మనిషి కనవడదు."

"నేనింకా బతికే ఉన్న కదరా."

"రా అక్కా. నీ జాగ నీకిస్త."

చేట పక్కన పెట్టింది. "నువ్విచ్చుడేంది? అక్కడ ఒకామె కూసునే ఉన్నది గద. ఆమెను లేపి నన్ను కూసోమంటవా? ఒకసారి లేపినవు, చాలు."

 టీ తాగి వచ్చేశాను.

కెమెరా లోపమని, గోడ రంగు అని, నాలోని తప్పే నాకలా కనిపించిందని ఎన్నో విధాల ఆలోచించాను. శైలుకు కనిపించింది నా తప్పు కాదు కదా. 

మొదటి రకం హెడ్‌సెట్ అమ్మలేదు. రోజూ మధ్యాహ్నం ఆటలు మొదలుపెట్టే ముందు అది పెట్టుకుని మూల వైపు తిరుగుతాను. మొదట్లో గీతలు రాకూడదనుకునేవాణ్ణి. ఇప్పుడు అవి కనిపించేదాకా ఎవరినీ లోపలికి రానివ్వను. మొన్న ఒకరోజు ఆలస్యంగా వచ్చాయి. అంతసేపూ ఫోన్ నా చేతిలోనే ఉంది. వర్లికి కలపడానికి మాత్రం ధైర్యం చాలలేదు.