ఆ నంబరుకు ఫోన్ చేసిన మనిషి

సోమవారం ఉదయం ఆరు గంటలకు మా చిన్నాన్న గుండెపోటుతో చనిపోయాడు. కావలికి తూర్పున, సముద్రం ఒడ్డునున్న మా ఊళ్లో, వల బాగుచేస్తూ ఆ వల మీదే ఒరిగిపోయాడు.

చిన్నప్పుడు నాకు వేట నేర్పాలని చూసింది ఆయనే. బోటులో నా వాంతులు చూసి, "నువ్వు పేపర్లో రాసుకో అబ్బయా, చేపలన్నా బతుకుతాయి" అన్నదీ ఆయనే.

ఉగ్రవాదులు సముద్రం మీదుగా వస్తే ముందు చూసేది మీరేనని, కొత్త పడవ కనిపిస్తే చెప్పమని పోలీసులు తీరంలో ఊరూరా ఒక ఫోన్ నంబరు ఇచ్చారు. చిన్నాన్న నమ్మాడు. ఆ నంబరును బోటు లోపల ఎర్ర రంగుతో రాసుకున్నాడు. వేటకు పోయేటప్పుడు సెల్‌ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకునేవాడు.

మూడేళ్ల కిందట ఎవరిదో తెలియని పడవ ఒడ్డుకు దగ్గరగా ఆగితే ఫోన్ చేశాడు. గస్తీ బోటు వచ్చేసరికి ఆ పడవ వెళ్లిపోయింది. మర్నాడు జీపు వచ్చింది. నీకెలా తెలుసు, వాళ్లు నీకేమవుతారు అంటూ ఆయన్ని రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. తీసుకున్న ఫోన్ తిరిగివ్వలేదు. కేసు లేదు. క్షమాపణా లేదు.

"బోటు నిదానంగా వస్తాది, జీపు మాత్రం చప్పున వస్తాది" అని అందరికీ చెప్పేవాడు. ఊరు నవ్వింది. నవ్వి, ఫోన్ చేయడం మానేసింది. పక్క ఊళ్లూ మానేశాయి.

నా దగ్గర మాత్రం ఆయన నవ్వలేదు. "నేను చేసింది తప్పు కాదని ఒక్క మాట చెప్పమను అబ్బయా. ఊరి ముందర చెప్పమను."

ఆ మాట కోసం నెల్లూరులో ఒక పోలీసు అధికారిని కలిశాను. ఆయన కంప్యూటర్లో కిందికి దిగుతున్న గీతను చూపించాడు. కాల్స్ తగ్గాయి కాబట్టి ముప్పు తగ్గిందన్నాడు. జనం భయపడి మానేశారని చెప్పాను. భయాన్ని కొలిచే పద్ధతి తమకు లేదన్నాడు. చూసి కూడా ఊరుకున్న పడవలెన్నో ఆ గీతకు తెలియదు. ఒక మనిషి నోరు మూయించి, ఆ మౌనాన్ని భద్రత అని రాసుకున్నారు.

పోయిన వేసవిలో బోటుకు కొత్త రంగు వేసినప్పుడు చిన్నాన్న ఆ నంబరు చుట్టూ వేశాడు. దాన్ని చెరపలేదు.

వచ్చే గురువారం పది గంటలకు నెల్లూరులో సభ ఉంది. ఏడాదిగా ఒక్క కాల్ కూడా రాని ఊళ్లకు సురక్షిత గ్రామాలని ప్రశంసాపత్రాలు ఇస్తారు. మా ఊరూ అందులో ఉంది. ఎవరినైనా పంపమని నిన్న కానిస్టేబుల్ వచ్చి చెప్పి వెళ్లాడు. పిన్ని విని, నా వైపు తిరిగింది.

"ఎవరూ రారని చెప్పబ్బయా. చెప్పేదానికి ఆ నంబరుకు మాత్రం ఫోన్ చెయ్యబాక."

గురువారం పది గంటలకు అక్కడ మా ఊరి పేరు పిలుస్తారు. అదే పూట ఇక్కడ చిన్నాన్న పదకొండో రోజు, పెద్దదినం. ఊరంతా ఒడ్డునే ఉంటుంది.