ఇక జవాబు చెప్పకండి

ఆ సైనిక విమానాశ్రయంలో అందరూ ఆవిడను సార్జెంటమ్మ అనేవారు. పేరు పెట్టి పిలిచే హక్కు మొగుడికి ఒక్కడికే ఉండేది. పాపం, పిలవాల్సిన అవసరం రాకుండా ఆవిడే ముందు మాట్లాడేసేది.

ఆవిడ పని విమానాలను మాటతో కిందికి దించడం. మంచు కమ్మి పైలట్‌కు రన్‌వే కనిపించనప్పుడు, రాడార్ ముందు కూర్చుని, ఎటు తిరగాలో ఎంత దిగాలో చెబుతూ నేల దాకా తీసుకొచ్చేది. కంట్రోల్ టవర్లో కూర్చునేవాళ్ళకు చుట్టూ అద్దాలు, చేతిలో బైనాక్యులర్లు, ఆ దర్జాయే వేరు. ఈవిడది రన్‌వే పక్కన కిటికీ కూడా లేని రేకుల గది. అందులో రెండు తెరలు. విమానం దారికి ఎడమగా ఉందో కుడిగా ఉందో ఒకదాంట్లో తెలుస్తుంది, ఎత్తులో ఉందో కిందుందో రెండోదాంట్లో. యంత్రాలు వేడెక్కకూడదని ఏసీని ఎముకలు కొరికేలా పెట్టేవారు. అందుకని మండుటెండల్లో కూడా ఆవిడ స్వెట్టర్ తొడుక్కునే డ్యూటీకి వెళ్ళేది. ఆ వాలకం చూసి గేటు దగ్గర సెంట్రీలు నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు, వాళ్ళ నవ్వుతో విమానాలు దిగవు కదా.

ఆ పనిలో ఒక వింత పద్ధతి ఉంది. మామూలుగా గాల్లో ఉన్న పైలట్‌కు ఏం చెప్పినా, అతను ఆ మాటను తిరిగి అప్పజెప్పాలి. చివరి కొన్ని మైళ్ళలో అంత తీరిక ఉండదు. విమానం వాలుదారిలోకి రాగానే ఆవిడ, "ఇక నాకు జవాబు చెప్పకండి. అయిదు సెకన్ల పాటు నా గొంతు వినపడకపోతే దిగడం మానేసి పైకి లేవండి" అనేది. అక్కణ్ణుంచి ఆవిడ ఒక్కతే మాట్లాడాలి. కాలి కింది మైకు పెడల్ నొక్కిపట్టి, గుక్క తిప్పుకోకుండా, "దారి మీదే ఉన్నారు. కొంచెం ఎడమకి. సరిపోయింది. కాస్త ఎత్తులో ఉన్నారు, దిగండి" అంటూనే ఉండాలి. అవతలి నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. తెర మీద ఒక వెలుగు చుక్క కదలడమే జవాబు.

కొత్తవాళ్ళకు అది భయం పుట్టించేది. శవానికి కబుర్లు చెబుతున్నట్టుందని ఒకతను ట్రైనింగ్ సగంలో వదిలేసి పోయాడు. సార్జెంటమ్మకు మాత్రం ఆ పనంటే ప్రాణం.

"నీకేమే, చెప్పింది చెప్పినట్టు వింటారు. నా బస్సులో కండక్టర్ కూడా నా మాట వినడు" అనేవాడు మొగుడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు.

"మీరు తిన్నగా చెబితే కదండీ వినడానికి" అనేది ఆవిడ.

ఆ చలికాలం మొదట్లో ఆవిడ గొంతు బొంగురుపోయింది. జలుబే అనుకుంది. ఎన్నాళ్ళకూ తగ్గకపోతే గుట్టుగా వెళ్ళి బయటి డాక్టరుకు చూపించుకుంది. లోపల చిన్న గడ్డ ఉందని, తీసెయ్యాలని ఆయన చెప్పాడు. ఆవిడ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. చెబితే ఆ కుర్చీలోంచి లేపి, స్టోర్సులో దుప్పట్లు లెక్కపెట్టుకోమంటారు. గొంతు తీసేస్తే తనలో ఇంకేముందని ఆవిడ దిగులు. ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. మొండితనానికి భయం తోడైతే మనిషి ఎవరి మాటా వినదు.

ఒక రోజు పొద్దెక్కినా మంచు విడలేదు. పొరుగు విమానాశ్రయాలన్నీ అప్పటికే మూసుకున్నాయి. పైన ఒకే ఒక్క విమానం మిగిలింది, అందులో ఒకే ఒక్క పైలట్. మళ్ళీ ఇంకో చుట్టు తిరగడానికి ఇంధనం లేదని టవర్ నుంచి ఫోనొచ్చింది. సార్జెంటమ్మ గోరువెచ్చని నీళ్ళు ఒక గుక్క తాగి, హెడ్‌సెట్ సర్దుకుంది. వెనక స్టూలు మీద రాడార్ మెకానిక్ కూర్చున్నాడు.

ఆవిడ చెప్పాల్సింది చెప్పింది. పైలట్ ఆఖరి జవాబు ఇచ్చి ఊరుకున్నాడు. చుక్క వాలుదారిలోకి వచ్చింది. ఎడమకి, కుడికి, దిగండి, సరిపోయింది. చివరి మైలులోకి వచ్చేసరికి ఆవిడ గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అయిదు సెకన్లు దాటితే అతను పైకి లేస్తాడు, లేస్తే ఇంధనం అయిపోయి ఎక్కడో కూలిపోతాడు. ఏం చెయ్యాలో తోచక పెడల్ నొక్కిపెట్టి ఊరికే పెదాలు ఆడించింది. దారికి కుడిగా ఉన్నారు, కొంచెం ఎడమకి.

చుక్క ఎడమకి జరిగింది.

ఆవిడ తెర మీదికి ఇంకాస్త వంగింది. దిగండి అని పెదాలు కదిపింది. చుక్క దిగింది. అలా చప్పుడు లేని మాటల వెంట ఆ విమానం రన్‌వే దాకా వచ్చి, నేలను తాకింది.

"మధ్యలో ఆపేశారేంటండీ?" అన్నాడు మెకానిక్ కంగారుగా.

అంతలో టవర్ నుంచి ఫోన్. మెకానిక్ ఎత్తి విని, మెల్లగా పెట్టేశాడు. ముఖం పాలిపోయింది. "పైలట్ విమానం దిగి వచ్చి మీకు దణ్ణాలు చెప్పమన్నాడట. చివరిదాకా ఒక్క క్షణం కూడా ఆపకుండా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారట" అని, ఆవిడ వైపు మళ్ళీ చూడలేదు.

ఇక దాచేదేముంది? ఆ వారంలోనే ఆపరేషన్ అయింది. గడ్డ చెడ్డది కాదు. గాయం మానేదాకా నోరు విప్పకూడదని, గుసగుస కూడా పనికిరాదని, ఈలోగా ఒక్క మాట మాట్లాడినా గొంతు మళ్ళీ రాదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అదృష్టం బాగుండి మానితే మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళి కుర్చీ తిరిగి తెచ్చుకోవచ్చు. ఆవిడ ఆ ఆశతో చేతికందేలా ఒక పలక పెట్టుకుని, చెప్పాలనుకున్నవన్నీ దాని మీద రాస్తూ రోజులు లాగుతోంది. మొగుడు పోట్లాటకు దిగితే, ఆవిడ రాసేలోపు ఆయన కోపం చల్లారిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆయన డ్యూటీలో ఉండగా తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే ఎవరో మనిషి. పెరిగిన గడ్డం, ఎర్రబడ్డ కళ్ళు, మంచి బూట్లు. ముఖం ఆవిడకు తెలియదు. మాట వినగానే తెలిసింది.

"సార్జెంటమ్మా, నేనండీ. ఆ రోజు మంచులో దిగినవాణ్ణి."

ఆవిడ నవ్వి, లోపలికి రమ్మని చెయ్యి చూపించి, పలక అందుకుంది. 'ఇల్లెలా తెలిసింది?' అని రాసింది.

"నేనెవర్నీ అడగలేదండి. మీరే కదా తీసుకొచ్చారు" అన్నాడు అతను. అందులో వేళాకోళం లేదు. "ఆ రోజు నుంచి మీరు ఆపనే లేదు. తింటున్నా, పడుకున్నా చెబుతూనే ఉన్నారు. జవాబు చెప్పొద్దన్నారని నేనెవరితోనూ అనలేదు. ఇవాళ పొద్దున్నుంచి దూరం చెబుతున్నారు. రెండు మైళ్ళు, ఒక మైలు. చెప్పినట్టే నడిచాను. మీ మెట్ల దగ్గర, దారి కంటే కిందున్నారు, పైకి రండి అన్నారు."

వాళ్ళ ఇల్లు నాలుగో అంతస్తు.

'ఇప్పుడు?' అని రాసింది.

"ఇప్పుడు దారి మీదే ఉన్నానట. తిన్నగా వెళ్ళి దిగమంటున్నారు."

అతని చూపు ఆవిడ భుజం మీదుగా వెళ్ళింది. తలుపుకు ఎదురుగా గది, గదికి అటు బాల్కనీ, అక్కడ తీగ మీద మొగుడి ఖాకీ చొక్కాలు ఆరుతున్నాయి. వాటి వెనక నడుము ఎత్తున పిట్టగోడ. ఆ తర్వాత ఏమీ లేదు.

'నేను మాట్లాడటం లేదు' అని రాసి పలకను అతని ముఖం మీద పెట్టినంత పని చేసింది.

"కనపడుతోందండీ, మీ పెదాలు కదలట్లేదు. గొంతు మాత్రం మీదే."

అప్పుడు ఆవిడకు తట్టింది. విమానం నేలను తాకాక తను అనవలసిన మాట ఒకటుంది. దించడం అయిపోయింది, ఇక టవర్‌తో మాట్లాడండి అనాలి. ఆ మాటతోనే పైలట్‌ను వదిలిపెట్టినట్టు. ఆ రోజు నోరు పెగలక ఆ మాట అననే లేదు. గబగబా చెరిపి అదే రాసింది.

అతను చదివాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదేనండీ. దీనికోసమే ఎదురుచూస్తున్నాను. మీరు అనట్లేదు" అంటూనే ఆవిడ పక్కనుంచి లోపలికి నడిచాడు. తొందర లేదు, తడబాటు లేదు. గది మధ్యలో కొంచెం కుడికి తిరిగి బల్ల తప్పించుకున్నాడు. ఆవిడ అతని చొక్కా పట్టుకుని లాగింది. బలమైన మనిషి, ఆవిడను కూడా ఈడ్చుకుంటూ పోయాడు. పక్కింటివాళ్ళను కేకెయ్యాలన్నా గొంతే కావాలి.

చొక్కా వదిలేసి, పరుగెత్తి అతని కంటే ముందు బాల్కనీలోకి వెళ్ళి, పిట్టగోడకు వీపు ఆనించి నిలబడింది. డాక్టరు మాట గుర్తుంది. రేకుల గది, ఆ కుర్చీ, రెండు తెరలు కళ్ళ ముందు మెదిలాయి. అతని బూటు గడప దాటింది. ఒక చొక్కా తప్పించాడు, ఇంకొకటి తప్పించాడు.

ఆవిడ అరవలేదు. డ్యూటీలో ఎలా చెబుతుందో అలాగే, నింపాదిగా చెప్పింది.

"దించడం అయిపోయింది. నా మాట ఇక్కడితో ఆఖరు. ఇక టవర్‌తో మాట్లాడండి."

గొంతులో పాత గుడ్డ చిరిగినట్టు అయింది. నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చింది.

అతను ఆగిపోయాడు. ఆవిడ ముఖం అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"విన్నాను. టవర్‌తో మాట్లాడతాను" అన్నాడు. ఆరేసిన చొక్కాల మధ్య అలాగే నేల మీద చతికిలబడ్డాడు. "ఎంత నిశ్శబ్దంగా ఉందండీ" అని వెక్కివెక్కి ఏడ్చాడు.

మొగుడు వచ్చేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు. "ఎవరే ఇతను? నీ నోటి దగ్గర ఆ రక్తమేంటి?" అని ఆయన హడలిపోయాడు. పలక గదిలో ఎక్కడో పడిపోయింది. ఆవిడ జవాబు చెప్పబోయింది. బొంగురు కూడా రాలేదు, గాలి కూడా సరిగ్గా రాలేదు. డాక్టరు ఇంకా చూడకపోయినా, ఇది ఇక తిరిగి రాదని ఆవిడకు తెలిసిపోయింది. మొగుడి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకు కూడా చప్పుడు లేదు.