ముక్కు పోయిన మేస్త్రి

సూరత్ శివారు భేస్తాన్‌లో మొండయ్య గ్యారేజీకి బోర్డు లేదు. ఆ అవసరం కూడా ఎప్పుడూ రాలేదు. "ముక్కు మేస్త్రి ఎక్కడ?" అంటే పాన్ డబ్బా అతను కూడా వేలు పెట్టి చూపిస్తాడు.

పదిహేడేళ్ల వయసులో సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదిరినప్పుడే ఆ పేరు మొదలైంది. వంద సాంచాలు ఒక్కసారిగా మోగే షెడ్డులో ఏ బేరింగు కాగుతోందో, ఏ మోటారు వైరు మాడుతోందో నిలబడ్డ చోటి నుంచే వాసన పట్టి చెప్పేవాడు. తర్వాత కార్ల పనిలోకి మారాక ఆ ముక్కే ఆయనకు అన్నం పెట్టింది. సైలెన్సర్ దగ్గర వంగి ఒక్కసారి గాలి పీల్చి రోగమేదో చెప్పేవాడు. నూటికి తొంభై తొమ్మిదిసార్లు అదే నిజమయ్యేది. మిగిలిన ఆ ఒక్కసారి గురించి ఆయన మాట్లాడడు, మనమూ అడగొద్దు.

2021 ఎండాకాలంలో రెండో విడత కరోనా ఆయనను పట్టుకుంది. పద్నాలుగు రోజులు మూల గదిలో పడి లేచాడు. ప్రాణం దక్కింది గానీ వాసన దక్కలేదు. అగరుబత్తి అయినా డీజిల్ అయినా ఆయనకు ఒకటే. నెల గడిచినా మార్పు లేదు. ఈ సంగతి భార్య సారక్కకు కూడా చెప్పలేదు. ముక్కు మేస్త్రికి ముక్కు పోయిందని తెలిస్తే ఇంక బండి ఎవరు తెస్తారు? గ్యారేజీ మూసి, యాభై రెండేళ్ల వయసులో మళ్లీ సాంచాల ముందు నిలబడాలి. ఆ భయం ఆయనను రోజూ తినేస్తోంది.

జూన్‌లో పరుశురాం తన ఏడు సీట్ల టర్బో డీజిల్ బండి తెచ్చాడు. రైళ్లు సరిగ్గా లేని ఆ రోజుల్లో నేత పనివాళ్లను సిరిసిల్ల దాకా దించి రావడం అతని బతుకుతెరువు.

"కాకా, తెల్లపొగ కొడ్తాంది. ఎత్తు ఎక్కుమంటే గుంజుతలేదు. జర చూడు."

మొండయ్య మాస్కు కిందికి జరిపి, సైలెన్సర్ దగ్గర వంగి, కళ్లు మూసుకొని ఎప్పటిలాగే తల ఊపాడు. అంతా ఉత్త నటన. పొగ తియ్యగా వాసనేస్తే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ నీళ్లు మండుతున్నట్టు, అంటే ఇంజన్ హెడ్ కింది గ్యాస్కెట్ కాలినట్టు. నూనె కమురు కొడితే టర్బో సీలు పోయినట్టు. కంటికి ఆ రెండు పొగలకూ పెద్ద తేడా తెలియదు. టర్బో గొట్టం విప్పి చూస్తే లోపల కాస్త నూనె తడి కనిపించింది. ఆ మాత్రం తడి ఏ టర్బోలోనైనా ఉంటుందని ఆయనకు తెలుసు. అయినా మునిగేవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు దాన్నే పట్టుకున్నాడు.

"టర్బో పోయింది బిడ్డా" అన్నాడు.

టర్బో మార్చాడు. మూడో రోజు పరుశురాం ఆరుగురిని ఎక్కించుకొని బయల్దేరితే, సూరత్ పొలిమేర దాటకముందే బండి కుతకుతా ఉడికింది. కాన్పుకు పుట్టింటికి పోతున్న వినోద అనే పిల్ల ఏడు నెలల కడుపుతో రోడ్డు పక్కన బ్యాగు మీద కూర్చుండిపోయింది. సాయంత్రానికి బండిని తాడు కట్టి లాక్కొచ్చారు.

"నీ ముక్కు మీద భరోసతోని ఆడపిల్లను ఎక్కించుకున్న కాకా. ఇదేంది?" అన్నాడు పరుశురాం. అతని గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. మొండయ్యకు తిట్టినా బాగుండుననిపించింది.

"ముక్కు లేదు బిడ్డా. బీమారితోని పోయింది. చెప్తే నా ఇజ్జత్ పోతదని నీకు అబద్ధమాడిన."

చాయ్ తెచ్చిన సారక్క గ్లాసులు స్టూలు మీద పెట్టింది.

"నాకు ఎర్కనే" అంది. "పప్పు మాడిన నాడే ఎర్కైంది. జర అడుగంటితే ఇల్లు పీకి పందిరేసేటోడివి, ఆ పొద్దు సప్పుడు జేయక అంత తిన్నవ్."

"మరి అడగకపోతివి?"

"నువ్వే చెప్తవని చూసిన. నెల పట్టింది నీకు."

మొండయ్యకు సిగ్గేసింది. కానీ గుండె మీది బండ దిగినట్టు కూడా అయింది. ఆ మాట కోసం ఇన్నాళ్లు ఎందుకు ఆగానా అని తన మీద తనకే కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగానే పని మొదలుపెట్టాడు. జ్వరం రోజుల్లో కొన్న రబ్బరు చేతి తొడుగుల డబ్బా ఇంట్లో ఇంకా ఉంది. కూలెంట్ డబ్బా మూత తీసి, దాని మూతికి ఒక తొడుగు బిగించి కట్టాడు.

"ఇంజన్ కాగితే ఆవిరికి గూడ ఉబ్బుతది. సల్లగున్నప్పుడు ఉబ్బిందంటే సిలిండర్ గాలి నీళ్లల్లకు దూరుతాంది అన్నట్టు. ఇగ స్టార్ట్ చెయ్" అన్నాడు పరుశురాంతో.

మొదట తొడుగు కదల్లేదు. రేసు పెంచాక ఒక్కో వేలూ లేచి, బళ్లో హాజరు పలికే పిల్లవాడి చెయ్యిలా నిటారుగా నిలబడింది. సారక్క అప్పటికే సైలెన్సర్ దగ్గర వంగింది.

"బెల్లం పాకం మాడినట్టు తియ్యగ వస్తాంది."

"అదే! అదే వాసన!" అని మొండయ్య పిల్లాడిలా అరిచాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

హెడ్ విప్పితే రెండో సిలిండరుకూ మూడోదానికీ నడుమ గ్యాస్కెట్ నల్లగా కాలిపోయి ఉంది. హెడ్ మీద ఉక్కు పట్టీ నిలబెట్టి చూస్తే కింద సన్నగా వెలుతురు కనిపించింది. వేడికి హెడ్ వంగిందన్నమాట. దాన్ని లేత్ మిషన్లుండే ఖరాద్ షాపుకు పంపి చదును చేయించాడు. అసలు అంత వేడి ఎందుకెక్కిందో సారక్కే కనిపెట్టింది. రేడియేటర్ రెక్కల సందుల్లోంచి చిటికెడు బూడిద రంగు పీచు లాగి వేళ్ల మధ్య నలిపింది.

"ఇది సాంచాల నూగు. బండి యాడ పెడ్తవ్ పరుశురాం?"

"మా ఇంటి కాడ సాంచాల షెడ్డు గోడ పక్కనే సిన్నమ్మా."

ఏడాది పొడుగునా ఎగిరిన నూగు దుమ్ముతో కలిసి రేడియేటర్‌కు కంబళిలా పట్టేసింది. గాలి ఆడక ఇంజన్ ఉడికింది, గ్యాస్కెట్ కాలింది. సారక్క సాంచాలు తుడిచే బ్రష్షుతో పూటంతా కూర్చొని అదంతా దులిపింది. మొండయ్య కొత్త గ్యాస్కెట్ పరిచి, కొత్త బోల్టులు నడుమ నుంచి అంచులకు, మూడు విడతల్లో కొలత ప్రకారం బిగించాడు. పాత టర్బో బాగానే ఉందిగా, దాన్నే తిరిగి ఎక్కించి కొత్తది వాపసు పంపాడు.

బండిని ఫ్లైఓవర్ మీద నాలుగుసార్లు ఎక్కించి దించి, మర్నాడు చల్లటి ఇంజన్‌కు మళ్లీ తొడుగు కట్టి రేసు పెంచారు. ఈసారి అది ఎండిన చిక్కుడుకాయలా వేలాడుతూనే ఉంది. ఆ పూటే వినోద ముందు సీట్లో కూర్చొని పుట్టింటికి బయల్దేరింది. తెల్లారి పరుశురాం ఫోన్ చేశాడు.

"చేరినం కాకా. వేడి ముల్లు నడుమ దాటలే."

దీపావళి నాటికి మొండయ్యకు ఉల్లిగడ్డ ఘాటు కొద్దిగా తెలుస్తోంది. మిగతావి ఇంకా రాలేదు. ఒకరోజు రింగ్ రోడ్ బట్టల మార్కెట్ నుంచి ఒకాయన పొగలు కక్కే కారు తెచ్చి ఆపాడు.

"ముక్కు మేస్త్రి మీరేనా?"

మొండయ్య నవ్వుతూ చేతులు తుడుచుకున్నాడు.

"నేను మేస్త్రినే సేఠ్. ముక్కు లోపల రొట్టెలు చేస్తాంది, ఉండు" అని ఇంటివైపు తిరిగి గట్టిగా పిలిచాడు. "సారక్కా! బండొచ్చింది, జర వచ్చి చూడు!"